వనభూమిలో విద్యాదానము

దానములలో విద్యాదానమునకు మన పెద్దలిచ్చిన స్థానము సర్వవిదితము. అన్నము ఒకపూట ఆకలిని తీర్చును. విద్య జీవితాంతము తోడుండును. ఆదిలాబాదు అడవులలోను, పాడేరు, రంపచోడవరము మన్యములలోను గిరిజన బాలబాలికలు ఇల్లు విడిచి, అచటనే ఉండి చదువుకొను ఆశ్రమ పాఠశాలలు కలవు. వేతనము కోరక అట్టి చోట్లకు పోయి పాఠములు చెప్పవలెనని తలచు సజ్జనులు ముందుగా ఇద్దరు గురువుల కథలను స్మరింపవలెను.

మొదటిది మహాభారతము ఆదిపర్వములోనిది. నిషాదరాజగు హిరణ్యధన్వుని కుమారుడు ఏకలవ్యుడు ద్రోణాచార్యుని ఆశ్రయించెను. ఆచార్యుడు అతనిని శిష్యునిగా స్వీకరింపలేదు. బాలుడు అడవికి మరలిపోయి, మట్టితో గురుప్రతిమను చేసికొని, అర్జునుడే విస్మయము చెందునంతటి విద్యను సాధించెను. అప్పుడు ఆచార్యుడు వచ్చి దక్షిణగా కుడిచేతి బొటనవ్రేలిని అడిగెను. శిష్యుడు ముఖము చిన్నబుచ్చుకొనక ఇచ్చివేసెను. ఆ భక్తిని మనము తరతరములుగా కొనియాడుచున్నాము, కొనియాడదగినదే. కాని గురుస్థానమున కూర్చుండువానికి ఆ కథలో ఒక హెచ్చరిక కలదు. శిష్యుడు ఇచ్చినంత మాత్రమున గురువు అడుగుట ధర్మమగునా?

రెండవది భాగవతము దశమస్కంధములోనిది. సాందీపని ఆశ్రమమున చదువుకొను కాలమున కృష్ణకుచేలులు గురుపత్ని ఆజ్ఞపై కట్టెలు తెచ్చుటకు అడవికేగిరి. అకాలవర్షము కురిసెను. చీకటిలో పల్లము, మిట్ట తెలియరాక, ఒకరి చేయి నొకరు పట్టుకొని రాత్రియంతయు తిరుగాడిరి. తెల్లవారగనే సాందీపని స్వయముగా వారిని వెదకికొనుచు అడవికి వచ్చెను. తన కొరకు ఇంత కష్టపడిరే యని నొచ్చుకొని ఆశీర్వదించెను. సేవకు బయలుదేరువాడు ఈ ఇద్దరిలో ఎవరి అడుగుజాడలలో నడవదలచెనో నిశ్చయించుకొనవలెను.

ఈ కాలమున వ్రేలు అడుగువారెవరని ప్రశ్నింపవచ్చును. గోండు బాలుడు తరగతిలో తన భాష మాట్లాడగా నవ్వినచో అది వ్రేలిని అడుగుటయే. నోరు తిరుగదని బాలిక పేరు మార్చి పిలిచినను అంతియే. దీపావళి వేళ దండారి ఆటకో, పుష్యమాసమున కేస్లాపూరు నాగోబా జాతరకో పోవలెనని మనసుపడిన బిడ్డను మూఢుడని పరిహసించినను అంతియే. పదవతరగతి ఉత్తీర్ణుడైన బాలుడు తన తల్లి మాటను, వేషమును చూచి సిగ్గుపడుట కూడ నేర్చుకొని ఇల్లు చేరినచో, ఆ విద్య ఇచ్చినదెంత? తీసికొన్నదెంత?

గోండుల నేలపైననే వేరొక మార్గమును చూపినవారు కలరు. 1940లో జోడేఘాటున కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, నిజాము ప్రభుత్వము హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని ఆ జనుల స్థితిగతులను పరిశీలించుటకు నియమించెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దు శిక్షణకేంద్రము వెలసెను. గోండీ భాషలోనే వాచకములు సిద్ధమయ్యెను. ఇంటి మాటతోనే అక్షరమును పరిచయము చేయుట ఆ పద్ధతి. ఆయన ధర్మపత్ని ఎలిజబెత్ 1987లో దివంగతురాలు కాగా, ఆమె సమాధి ఆ గ్రామముననే వెలసెను. దూరదేశమునుండి వచ్చినవారిని ఆ అడవిబిడ్డలు తమవారిగా ఎంచిరనుటకు అంతకన్న నిదర్శనమేమి?

అట్లని బిడ్డల భాషను గౌరవించు నెపమున చదువును తగ్గించి చెప్పరాదు. వారి తల్లిదండ్రులు కోరునది గణితము, విజ్ఞానశాస్త్రము, ఆంగ్లము. అవి వీరికేల యని వెనుదీయుట ద్రోణుని మొదటి నిరాకరణమువంటిదే. పట్టణపు బిడ్డకు చెప్పునదంతయు ఈ బిడ్డకును చెప్పవలెను.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో విద్య ముగించిన శిష్యునకు గురువు చేయు ఉపదేశము కలదు. అందు దానమునకు చెప్పిన లక్షణములలో శ్రద్ధతోపాటు లజ్జయు, భయమును కలవు. దాతకు లజ్జ యేల? తాను ఇచ్చునది అల్పమని ఎరుగుటచేత. భయమేల? తన దానము వలన ఎదుటివానికి కీడు కలుగునేమో యను జాగ్రత్తచేత. ఒకనాడు మిఠాయిలు పంచి, ఛాయాచిత్రములు తీయించుకొని మరలువారికి ఈ రెండును దుర్లభములు.

కావున సేవకుడు ప్రధానోపాధ్యాయుని అనుమతితో వెళ్లవలెను. చేయగలిగినంతయే మాట యిచ్చి, ఆదివారము వత్తునన్నచో ఆదివారము తప్పక వెళ్లవలెను. ఇంటిపై బెంగ గొన్న బిడ్డ మాట తప్పినవారిని మరువదు. బిడ్డలతో ఒకే పంక్తిలో భుజింపవలెను. వారి పేర్లను వారి తల్లులు పలుకునట్లే పలుకుట అభ్యసింపవలెను. తన పాఠము ముగిసిన పిమ్మట నాలుగు గోండీ మాటలో, కువి మాటలో వారివద్ద నేర్చుకొనవలెను. శబరి ఆశ్రమమున శ్రీరాముడు ముందుగా అడిగినది ఆమె తపస్సు నిర్విఘ్నముగా సాగుచున్నదా యని. అడుగుట ఆతని మార్గము. అట్లు అడిగి తెలిసికొని సేవించువారికి ఆ కోదండపాణి అనుగ్రహము లభించుగాక.