గాయపడిన బిడ్డకు జవాబుదారి ఎవరు?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు, అడిగినదానికి మనుష్యునివలె బదులు చెప్పు కృత్రిమ మేధ యంత్రములు ఫోనుల ద్వారా మన పల్లెలకును చేరినవి. బిడ్డ కాలికి కొడవలి తెగినప్పుడు, ఆసుపత్రి దూరమైనప్పుడు, తల్లి దానినే అడుగును: “ఏ యాంటీబయాటిక్ వేయవలెను?” క్షణములో చక్కని తెలుగులో జవాబు వచ్చును. దానిని నమ్మి మందు వేయవచ్చునా?

యంత్రము చెప్పునదంతయు అబద్ధము కాదు. గాయమును సబ్బుతో, మంచి నీటితో కడుగుమనును. ధనుర్వాతపు సూదిని గుర్తుచేయును. ఇవి మేలైన మాటలే. అయితే అది బిడ్డ ఒళ్లు తాకి జ్వరము చూడదు, బిడ్డను తూచదు. పిల్లలకు మోతాదు బరువునుబట్టియే కదా నిర్ణయింతురు! శుభ్రమైన చిన్న గాయమునకు తరచుగా యాంటీబయాటిక్ అక్కరయే లేదు. కుక్క కరచిన గాయమైతే, పదిహేను నిమిషములు కడిగి, ఆలస్యము చేయక రేబీస్ టీకా వేయించుట ముఖ్యము. కంగారులో తల్లి కుక్క మాట చెప్పనియెడల, యంత్రము తిరిగి అడుగునని నమ్మకమేమి?

పెన్సిలిన్‌ను 1928లో కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, చాలీచాలని మోతాదు వాడినయెడల సూక్ష్మజీవులు మందుకు లొంగకుండునని 1945లో తన నోబెల్ ప్రసంగమున హెచ్చరించెను. కావున తప్పుగా వేసిన మాత్రవలని కీడు ఒక ఇంటితో పోదు. రేపు పొరుగువాని బిడ్డకు ఆ మందు పనిచేయకపోవచ్చును.

వైద్యుడును పొరపడవచ్చును. కాని ఆయనకు పేరున్నది, ముఖమున్నది. మరునాడు గాయము వాచినయెడల ఆయననే అడుగుదుము. ఆయన బదులు చెప్పవలెను. యంత్రమునకో, బిడ్డ కోలుకొనిన సంతోషము లేదు, కోలుకొనని దుఃఖము లేదు. సమాచారమిచ్చుట వేరు, భారము వహించుట వేరు. దాని మాట వినవచ్చును గాని, నిర్ణయమును దానికి అప్పగింపరాదు.

అయినను ఆ తల్లిని నిందింపకుడి. అడుగుటకు మనుష్యుడు దొరకనందుననే ఆమె యంత్రమును అడిగినది. మంచి సమరయుడు గాయములు కట్టి ఊరకుండలేదు. ఆ మనుష్యుని పూటకూళ్లవాని యొద్దకు చేర్చి, ఖర్చును తానే భరించెను. మనలో బండిగలవాడు బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేర్చవలెను. ఫోనుగలవాడు 108ని పిలువవలెను. డబ్బుగలవాడు మందులు కొనిపెట్టవలెను. తన బిడ్డ ప్రాణముకొరకు ఏ తల్లియు ఒంటరిగా యంత్రము నెదుట కూర్చుండు దుస్థితి మన ఊరికి రాకుండును గాక.