ప్రేమను ఎరగా వాడవచ్చునా?



ఈ సంచికలో మేము మీ ముందుంచు ప్రశ్న చూచుటకు చిన్నది. పిల్లలను కాచుకొనుచున్న చేపను గాలము వేసి పట్టుట తప్పా, కాదా? మాలూరు చుట్టుపక్కల మన సంఘముల యువకుల మధ్య ఈ విషయమై వాదము పుట్టి, అది పెద్దల వరకు వచ్చినది. "చేప గురించి ఇంత చర్చ ఎందుకు?" అని కొందరు నవ్వినారు. మేము నవ్వలేకపోయినాము. ఎందుచేతనో చివరివరకు చదివిన తరువాత మీరే తీర్పు చెప్పవలెను.

కోలారు జిల్లాకు ఏడాది పొడుగునా పారే నది లేదు. మన పూర్వికులు చిత్తూరు, నెల్లూరు ప్రాంతముల నుండి బంగారు గనుల పనికి వచ్చిన నాటికి ఇక్కడ బ్రదుకంతా చెరువుల మీదనే. గనుల కాలనీలకు త్రాగునీరు కూడ పాలారు మీది బేతమంగలం చెరువు నుండియే వచ్చినది. తరువాత వానలు తగ్గి, బోరుబావులు వెయ్యి అడుగులు దాటి, అనేక చెరువులు ఏండ్ల తరబడి తుమ్మచెట్లతో నిండిపోయినవి. 2018 జూన్ మాసములో బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల–చల్లఘట్ట లోయ పథకము ద్వారా మన జిల్లాకు పంపుట మొదలుపెట్టినారు. మొదట లక్ష్మీసాగర చెరువు నిండినది. 126 చెరువులను నింపవలెనని ఆ పథకము. ఆ నీటి మంచిచెడ్డల గురించి కోర్టులలో వ్యాజ్యములు నడిచినవి. ఆ సంగతి ఇక్కడ ఎత్తుట లేదు. ఎండిన చెరువులలో మరల నీరు నిలిచినది, నీటితో చేపలు వచ్చినవి, చేపలతో గాలములు వచ్చినవి. మేము చెప్పదలచినది అంతవరకే.

మన చెరువులలో చేపలు రెండు విధములు. బొచ్చె, రోహు, మృగాల అనునవి నిలువ నీటిలో పిల్లలు పెట్టవు. వానకాలపు ఏటి ప్రవాహములో మాత్రమే గ్రుడ్లు పెట్టు జాతులవి. 1957లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు ఒరిస్సాలో మందు సూది వేసి వీటిచేత గ్రుడ్లు పెట్టించుట సాధించిన తరువాతనే దేశమంతటా చేపపిల్లల కేంద్రములు పెరిగినవి. గుత్తదారుడు పిల్లలను కొని తెచ్చి చెరువులో వదలుతాడు, పెరిగిన తరువాత పట్టుకొంటాడు. ఇది రాగి పంట వంటిదే. విత్తినవాడు కోసుకొనుటలో తప్పేమియు లేదు.

కొరమీను సంగతి వేరు. కె.జి.ఎఫ్. లోని మన తమిళ సోదరులు దీనిని విరాల్ అంటారు. దీనిని చెరువులో ఎవరును వదలనక్కరలేదు. నీరు ఇంకిపోయినను తడి బురదలో దాగి ఊపిరి నిలుపుకొనగలదు. వేసవి జల్లులు పడి కొత్త నీరు చేరినప్పుడు గడ్డి మధ్య కొంచెము చోటు శుభ్రము చేసికొని గ్రుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, ముద్దగా, నీటిపైన బంతివలె కలసి తిరుగుతవి. వాటి క్రిందనే తల్లియో తండ్రియో, కొన్నిసార్లు రెండును, కొన్ని వారములపాటు కావలి కాస్తవి. ఆ పిల్లల గుంపు మధ్యలో కప్పనో, కప్పవలె చేసిన రబ్బరు బొమ్మనో పడవేసిన యెడల, కావలి చేప తన పిల్లలకు అపాయము వచ్చెనని ఎగబడి కరచును. అక్కడ గాలము ఉన్నది. చేతగానివాడు కూడ ఈ విధముగా పెద్ద కొరమీనును పట్టవచ్చును. తరువాత ఆ పిల్లలను కొంగలు, పాములు, ఇతర చేపలు తినివేస్తవి.

యువకులలో ఒకరి వాదము ఇది. "ఆదికాండము 9వ అధ్యాయములో దేవుడు నోవహుకు సముద్రపు చేపలన్నిటిని అప్పగించెను. పేతురు జాలరి. పునరుత్థానుడైన ప్రభువు తానే కాల్చిన చేప తినెను. పట్టుట తప్పు కానప్పుడు ఎట్లు పట్టితే ఏమి?" ఈ వాదములోని మొదటి భాగమంతయు సత్యమే. మేమును చేప తినువారమే. చేప పట్టుట పాపమని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. ప్రశ్న అంతయు ఆ చివరి మాటలో ఉన్నది. ఎట్లు పట్టితే ఏమి?

గాలము వేయువాడు ఎప్పుడును ఏదో ఒకదానిని ఎరగా వాడును. సాధారణముగా అది చేప ఆకలి. అమెరికాలోను కెనడాలోను ఉన్న మన పిల్లలు అక్కడి మహా సరస్సులను చూచియుందురు. వేసవి ఆరంభములో అక్కడివారు పడవను మెల్లగా నడుపుచు, వెనుక పొడవైన త్రాళ్లకు మెరిసే రేకులు కట్టి లాగుతారు. సాల్మన్, ట్రౌట్ చేపలు ఆ రేకును చిన్న చేప అనుకొని వెంటబడి మ్రింగును. ఇదియు మోసమే గాని ఆకలి మీద ఆధారపడిన మోసము. ఆకలిగొన్న ప్రాణి వేటకు వచ్చి తానే వేటలో చిక్కినది. అయితే ఆ దేశములలోనే బాస్ అను మరియొక చేప ఉన్నది. దానిలో మగది గూడు కాచును. గ్రుడ్లు పెట్టు కాలములో ఆ చేపను పట్టరాదని అక్కడ అనేక చోట్ల ప్రభుత్వ నియమము. బైబిలు పేరు ఎత్తకుండగనే ఆ నియమము వ్రాసినవారు ఒక భేదమును గుర్తించినారు.

మరి మన గ్రంథములో ఉన్నదా? ఉన్నది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములు తెరచి చూడుడి. దారిలో పక్షిగూడు కనబడి, తల్లి పిల్లలమీద గాని గ్రుడ్లమీద గాని కూర్చుండియున్న యెడల తల్లిని పట్టుకొనరాదని, దానిని వదలివేయవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఆ చిన్న ఆజ్ఞకు జతచేసిన వాగ్దానము గమనించుడి. మేలు కలుగుట, దీర్ఘాయుష్షు. తలిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞకు జతచేసిన వాగ్దానమును ఇదియే. తల్లిపక్షి ఎగిరిపోగలిగియు ఎగిరిపోదు. దాని ప్రేమయే దానిని మన చేతికి చిక్కించుచున్నది. ఆ ప్రేమను మన లాభమునకు వాడుకొనవద్దని దేవుడు అడ్డుకొనెనని మేము గ్రహించుచున్నాము.

దీనికి మూడు ఆక్షేపణలు వచ్చినవి. మూడింటిని న్యాయముగా చూడవలెను.

మొదటిది, "మనము ధర్మశాస్త్రమునకు లోనైనవారము కాము, కృపకే లోనైనవారము." నిజమే. అయితే కళ్లము త్రొక్కు ఎద్దును గూర్చిన ఆజ్ఞను పౌలు 1 కొరింథీయులు 9వ అధ్యాయములో ఎట్లు వాడెనో చూడుడి. అది ఎద్దుతో ఆగిపోలేదు, సువార్త పనివాని జీతము వరకు నడచినది. ఆజ్ఞ మనమీద కాడిగా లేకపోయినను, ఆజ్ఞ ఇచ్చినవాని హృదయము మారలేదు.

రెండవది, "చేపకు ప్రేమ ఏమిటి? అది వట్టి స్వభావము." కావచ్చును. చేప మనస్సులో ఏమున్నదో మేము చూచి రాలేదు. కాని ఆ స్వభావమును దానిలో పెట్టినవాడు ఎవడు? అంతకంటె ముఖ్యముగా, చేప సంగతి అటుంచి, గాలము పట్టిన చేతి సంగతి చూడుడి. "ఇది పిల్లలను విడిచి పోలేదు గనుక సులభముగా చిక్కును" అని లెక్క వేయుట ఆ చేతికి అలవాటగుచున్నది. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన మొదటి పాఠములలో ఒకటి ఇదే. పిల్లవాడు ఆటలో నేర్చినది ఆటతో పోదు.

మూడవది, అన్నిటికంటె బరువైనది. "నేను వదలితే ఇంకొకడు పట్టును." అవును, పట్టవచ్చును. మన కోలారు చెరువుల క్రింద వెనుక నీరుగంటి ఉండెడివాడు. తూము తెరచుట, మూయుట, ఏ మడికి ఎంత నీరు అనుట అతని పని. నీరు తక్కువైన ఏట అందరికి తగ్గించి పంచెడివాడు. అతని చేతిలో తుపాకి లేదు. ఊరు ఒప్పుకొన్నది గనుక అతని మాట చెల్లినది. ఒప్పుకొనుట ఎవరో ఒకరితో మొదలు కావలెను. పొరుగువాడు చేయునని నేను చేయుదునంటే లోకములో ఏ ఆజ్ఞయు నిలువదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. ఇంట్లో గింజలు లేక, రాత్రి కూరకు చెరువునకు వెళ్లినవానిమీద మేము ఈ భారము మోపుట లేదు. ఆకలిగొన్న దావీదు సముఖపు రొట్టెలు తినిన సంగతి ప్రభువే జ్ఞాపకము చేసెను. మేము మాటలాడునది బెంగళూరు నుండి ఖరీదైన గాలపు కర్రలు తెచ్చి, ఆదివారము మధ్యాహ్నము వినోదమునకు వెళ్లు మన జీతగాండ్రతో. వినోదమునకు అంత తొందర లేదు. పిల్లలు చెదరి తమ దారిన పోవువరకు ఆగవచ్చును.

మన పెద్దలు గనిలో బంగారము తీసినారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. బంగారము గ్రుడ్లు పెట్టదు. ఒక తులము తీసితే ఒక తులమే తగ్గును. ప్రాణము అట్లు కాదు. కావలి కాయు ఒక్క చేపను తీసితే దాని వెనుక ఉన్న గుంపంతయు పోవును. గనిలో నేర్చిన లెక్కను చెరువునకు వాడరాదు.

సహోదరులారా, చేప దగ్గరనే ఆగితే మేము ఈ కాగితము వృథా చేసినట్లే. పిల్లలమీది ప్రేమను ఎరగా వాడువారు మన మధ్య ఎంతమంది లేరు? విదేశములో ఉద్యోగము వేయించెదనని చెప్పి, ఒక తండ్రిచేత ఉన్న ఎకరము అమ్మించు దళారి, ఆ తండ్రి అత్యాశను పట్టలేదు, అతని ప్రేమను పట్టినాడు. జబ్బుచేసిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లితో, కానుక పెద్దదైతే ప్రార్థన ఫలించునని చెప్పు బోధకుడు చేయునది ఏమి? పిల్లల గుంపు మధ్యకు కప్పను విసరుటయే. ఆమె ఎగబడక తప్పదు. ఆమె తల్లి గనుక.

ఇంకను దగ్గరకు వచ్చెదము. దూర దేశములో ఉన్న కుమారునికి ఫోను చేసి, "నామీద ప్రేమ ఉంటే ఈ నెల ఇంత పంపు" అను తలిదండ్రులు మనలో ఉన్నారు. "నేనంటే ఇష్టముంటే ఇల్లు అమ్మి నాకిమ్ము" అను కుమారులును ఉన్నారు. అక్కర ఉంటే అక్కర అని అడుగవచ్చును. అడుగుటలో సిగ్గు లేదు. ప్రేమను గాలమునకు గ్రుచ్చి విసరవద్దు. వలస పోయిన కుటుంబములకు ఈ గాలము మరీ లోతుగా దిగును. దూరముగా ఉన్నవాడు ప్రేమను కన్నులతో చూపలేడు గనుక డబ్బుతో ఋజువు చేయవలసి వచ్చుచున్నది.

సువార్త విషయములో మన చరిత్రయే మనకు పాఠము. 1876–78 నాటి మహా కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. వేలమంది బాప్తిస్మము అడిగినారు. ఆయన ఇవ్వలేదు. అన్నము కొరకు వచ్చుచున్నారేమోనని, కరవు పనులు సాగుచున్నంత కాలము బాప్తిస్మములు ఆపివేసెను. సహాయము ముగిసిన తరువాతనే ద్వారము తెరచెను. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము గర్వముతో చెప్పుకొంటాము. ఆ సంఖ్యకు ముందున్న నెలలను కూడ చెప్పుకొనవలెను. చెరువునిండ చేపలున్నప్పుడు, ఆకలిని కూడ ఎరగా వాడనొల్లక, ఆయన వల మడిచి ఒడ్డున కూర్చుండెను. మనుష్యులను పట్టు జాలరి అనగా అట్టివాడు. పౌలు థెస్సలొనీకయులకు వ్రాయుచు, తాను వారియొద్ద లోభమును కప్పిపెట్టలేదనియు, బిడ్డలను పెంచు తల్లివలె మెలగితిననియు చెప్పెను. బోధకుడు తల్లివలె ఉండవలెను గాని, తల్లిని పట్టువానివలె ఉండరాదు.

గనుక మా మనవి ఇది. వేసవి జల్లులు పడినది మొదలుకొని, ఎర్రని పిల్లల గుంపు కనబడిన చోట మన యువకులు గాలము వేయకుందురు గాక. సండే స్కూలు పిల్లలను చెరువు కట్టమీదికి తీసికొనిపోయి, ఆ గుంపును, దాని క్రింద కదలు నల్లని నీడను చూపించుడి. ఆ నీడ ఎందుకు పారిపోదో వారినే అడుగుడి. జవాబు చెప్పగల బిడ్డ, రేపు ఏ తల్లి కన్నీటిని లాభముగా లెక్కవేయుటకు జంకును.

తన కుమారుని మనకొరకు అనుగ్రహించిన తండ్రి ప్రేమ ఏ మోసమునకు చిక్కినది కాదు, తానుగా ఇచ్చినది. ఆ ప్రేమ మన చేతులను, మన నోళ్లను, మన గాలములను కూడ పరిశుద్ధపరచును గాక. ఆమేన్.