సమాజం అంటే ఎవరి చేతులు?

ఎదుగుదలలో వైకల్యం ఉన్న పిల్లల తల్లులందరిదీ ఒకటే ప్రశ్న: "నేను పోయినంక ఈ బిడ్డనెవరు చూస్తారు?" 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆ ప్రశ్నని గుర్తించింది. తల్లిదండ్రుల మరణానంతర సంరక్షణని తన లక్ష్యాల్లో చేర్చుకుంది. నన్ను వేధించేది దానికి ముందున్న ప్రశ్న. ఆమె బతికుండగా ఆమెనెవరు చూస్తారు?

ఒకప్పుడు సేవలంటే నగరంలో ఉండేవి. 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ దాకా అనంతపురం కూలితల్లి బిడ్డనెత్తుకుని ఎన్నిసార్లు పోగలదు? 1969లో ఈ జిల్లాలో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వికలాంగుల సంఘాలు, ప్రత్యేక పాఠశాలలు పెట్టాక సేవ గడప దగ్గరికొచ్చింది. ఇది చిన్న మార్పేమీ కాదు.

అయితే "సమాజ ఆధారిత పునరావాసం"లో సమాజమంటే ఎవరు? ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలు నేర్పేది తల్లికే. వానల్లేక మగవాళ్ళు బెంగుళూరుకి వలసపోతే మిగిలేది ఆమే, లేదా బడి మానేసిన అక్క. ఆ శ్రమకి మమకారమని పేరుపెట్టి లెక్కలోంచి తీసేస్తాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం, ఎక్కువ ఆసరా కావలసినవారికి సంరక్షకుల భత్యం ఉండాలంది. అదీ ప్రభుత్వ ఆర్థిక శక్తి మేరకే! తల్లి శక్తికి మాత్రం ఏ చట్టమూ హద్దు గీయలేదు.

శ్రమని లెక్కగడితే బిడ్డని భారమన్నట్టు కాదా అని కొందరంటారు. కాదనే అనుకుంటాను. లెక్కలో లేని శ్రమ ఒక్కరి మీదే పడుతుంది. అలసిపోయిన ఆ ఒక్కరికీ బిడ్డ ఇష్టాయిష్టాలు వినే ఓపిక మిగలదు. తండ్రీ, ఊరూ, ప్రభుత్వమూ తలా ఒక పూట పంచుకున్నప్పుడే ఆ బిడ్డ ఒకరి చాకిరీగా కాక, తనదైన మనసున్న మనిషిగా కనిపిస్తాడు. సమాజమన్న మాటకి అప్పుడే అర్థం.