పని ముగిసినవారి ప్రయాణము

పని చేయలేని దినమున మనుష్యునికి విలువ యున్నదా? మన పల్లెలలో ఈ ప్రశ్నను ఎవరును ఈ మాటలతో అడుగరు. "ముసలాయన ఇప్పుడేమి చేస్తున్నాడు?" అని అడుగుదురు. "ఏముంది, కూర్చున్నాడు" అని ఇంటివారు బదులు చెప్పుదురు. ఆ "కూర్చున్నాడు" అను మాటలో కొంచెము సిగ్గు కలదు. చదువరులారా, ఆ సిగ్గు నాలోను ఉండెను. అది నాకు తెలియవచ్చినది మన ఊళ్లో కాదు. 2019వ సంవత్సరము అక్టోబరు నెలలో, అమెరికా దేశములోని వర్జీనియా కొండలమీద.

అక్కడి యొక చిన్న సంఘమువారు నన్ను కొన్ని వారములకు పిలిచియుండిరి. ఆ సంఘములోని వృద్ధ దంపతులు ఇద్దరు ఆకులు రంగు మారు కాలమున కొండలు చూడబోవుచు, నాలుగు దినములు తమతో రమ్మనిరి. భర్తకు 71 ఏండ్లు; పల్లెలలో ఇంటింటికి ఉత్తరములు పంచి ఉద్యోగ విరమణ చేసినవాడు. భార్య ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన నర్సు. ఆ కొండలు వారి యింటికి ఒక గంట దూరమే. అయినను ఆ కాలములో వారు ఏనాడును కొండ యెక్కలేదట. ఆయనకు సెలవు దొరకదు. ఆమె పగలు నిద్రించును.

వారి బండిని అక్కడివారు ఆర్వీ అందురు. చక్రములమీది యిల్లు అనుకొనుడి. మంచము, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అన్నియు లోపలనే. ఉద్యోగము ముగిసిన అనేకులు ఇట్టి బండ్లలో దేశము తిరుగుదురు. దాని వెల వినగానే నా మనస్సు మన పల్లె మందిరముల కప్పులను లెక్కించుట మొదలుపెట్టెను. పాస్టర్లకు ఈ వ్యాధి కలదు. ఆ డబ్బుతో ఎన్ని కప్పులు వేయవచ్చునో లెక్క తేలువరకు నాకు నిద్ర పట్టలేదు.

షెనాండోవా జాతీయ వనములో కొండల శిఖరముల వెంబడి స్కైలైన్ డ్రైవ్ అను దారి 105 మైళ్లు సాగును. గంటకు 35 మైళ్లు మించి పోరాదు. ఒకచోట కొండను తొలిచిన సొరంగము కలదు. దాని ఎత్తు 12 అడుగుల 8 అంగుళములు. ఆయన తన బండి ఎత్తును ఒక కాగితముమీద వ్రాసి స్టీరింగు ఎదుట అంటించుకొనెను. ఎత్తు సరిపోవునని తెలిసియు, సొరంగము ముందర ఆగి, కాగితము మరల చదువుకొని, అప్పుడే లోపలికి పోనిచ్చెను. జీవితమంతయు చిరునామాలు సరిచూచినవాని అలవాటు!

ఆకుల సంగతి చెప్పవలెను. మనకు ఎండకాలము ముందర ఆకులు రాలును; మోదుగ బోడిగా నిలిచి పూయును. అక్కడ చలికి ముందు రాలును. రాత్రులు పొడవగుకొలది ఆకులోని పచ్చదనము, అనగా ఎండను ఆహారముగా మార్చు పదార్థము, తరిగిపోవును. అప్పుడు హికరీ చెట్లలో పసుపు బయటపడును. అది క్రొత్తగా వచ్చినది కాదు. మామిడిపండుకు రంగునిచ్చు జాతిదే, ఆకు పుట్టినప్పటినుండి లోపలనే యుండి పచ్చదనము చాటున దాగినది. కాని మేపుల్ చెట్ల యెరుపు వేరు. నేరేడుపండు తొక్కలో ఉండు జాతి రంగు అది. ఆకులో మిగిలిన చక్కెరనుండి ఆ చివరి దినములలోనే క్రొత్తగా తయారగును. పని ఆగిన ఆకు ఇంకను ఏదో చేయుచున్నది! నేను ఈ సంగతిని ఉపమానముగా మార్చబోవగా ఆ తల్లి నవ్వి, "పాస్టరు గారూ, కాసేపు ఆకును ఆకుగా ఉండనియ్యండి" అనెను.

ఆమె ఆకును సూటిగా చూడదు. ముఖము ప్రక్కకు త్రిప్పి కంటి కొననుండి చూచును. వయస్సువలన కంటిలోని తెర మధ్యభాగము చెడుచున్నదని రెండవ దినమున చెప్పెను. ఎదుటివాని ముఖము కనబడదు, ప్రక్కనున్నది కనబడును. ఎందుకు ఆ సంవత్సరమే బయలుదేరిరో నాకప్పుడు తెలిసెను. అయినను అడుగకుండ ఉండలేకపోతిని: "ఇంత వ్యయము, ఇంత కాలము, దీనివలన ఎవరికి ఉపయోగము?" ఆమె నొచ్చుకొనలేదు. "నలువది ఏండ్లు పని కోసము చూశాను. జ్వరము పట్టీ చూశాను, సూది మందు చూశాను, గడియారము చూశాను. ఊరకే చూడడానికి ఏమీ చూడలేదు" అనెను.

బేతనియలో అత్తరు బుడ్డి పగులగొట్టిన స్త్రీని గూర్చి నేను ఎన్నిమారులు ప్రసంగించితినో! ఆ వెలను లెక్కగట్టి సణిగినవారిని ఎన్నిమారులు గద్దించితినో! ఆ సాయంకాలమున నేను ఏ గుంపులో నిలిచియుంటినో చూచుకొంటిని. ఆ అత్తరు ప్రభువు కొరకు పోయబడినది, వీరిది తమ కొరకే కదా, అని నా మనస్సు వాదించెను. వాదములో బలము లేకపోలేదు. పేదవాని కప్పు కారుచుండగా లెక్క చూచుట పాపమని నేను నేటికిని చెప్పను. కాని నా లెక్కలో ఆమె కన్నులకు ఏ వెలయు వేయలేదు.

మూడవ దినమున కాలిబాట ప్రక్కన రాతిపొగగొట్టమొకటి కనబడెను. దాని చుట్టు ఇల్లు లేదు. 1935లో ఆ వనము ఏర్పడుటకు ముందు అక్కడ ఊళ్లుండెను. వర్జీనియా ప్రభుత్వము 1928లో చట్టము చేసి భూములు తీసికొని వందల కుటుంబములను కొండ దింపెను. పట్టా లేని కౌలుదారులకు పరిహారమే లేదు. కొందరు వృద్ధులను మాత్రము చనిపోవువరకు ఉండనిచ్చిరి. వారిలో ఆఖరామె 92 ఏండ్ల వయస్సున 1979లో కన్నుమూసెను. అంత కఠినమైన చట్టమునకును, ఏ పనియు చేయని ముసలివారి విషయమై ఒక సందు విడువక తప్పలేదు. ఆ తల్లి పొగగొట్టపు రాళ్లను చేతితో తడవి చాలసేపు నిలిచెను. భర్త బండిలోనుండి ఆమె శాలువ తెచ్చి కప్పెను.

నా తండ్రి నలువది ఏండ్లు ఉపదేశిగా పనిచేసెను. పని మానిన తరువాత మామిడిచెట్టు క్రింద మంచము వేసికొని కూర్చుండెడివాడు. ఒకనాడు, "గోదావరిలో లాంచి యెక్కి పాపికొండలు చూడాలిరా" అనెను. "క్రిస్మసు కానీ నాన్నా" అంటిని. తరువాత సభలు అంటిని. తరువాత వానలు అంటిని. నిజము చెప్పవలెనంటే, ఆయన అక్కడికి పోయి చేయునదేమి అని నాకు తోచెను. ఆయన రెండవమారు అడుగలేదు. 2014లో ఆ మంచముమీదనే పోయెను.

మొన్నటి ఫిబ్రవరిలో మా అమ్మను తీసికొని పోయితిని. లాంచిలో ఆమె కిటికీ ప్రక్కన కూర్చుండెను. కొండలు దగ్గరపడినవి, అందరును లేచి చూచుచున్నారు. ఆమె మాత్రము ఒడ్డునే చూచుచుండెను. పోలవరము ప్రాజెక్టు కొరకు ఖాళీ చేయించిన ఊళ్లు అవి. తలుపులు లేని ఇండ్లు కొన్ని, సగము కూలిన గోడలు కొన్ని.

"మీ నాన్న ఉంటే ఈ పాటికి పక్కవాళ్లతో మాటల్లో పడేవాడు" అనెను. కొంతసేపటికి, "ఈ ఇళ్లలో ముసలాళ్లను ఎక్కడికి తీసుకుపోయారురా?" అని నన్నడిగెను.