ఇంజను దింపిన బండి

సెకండ్ హ్యాండు కారు బేరంలో "ఇంజను దింపి పని చేయించాం" అన్న మాట వినగానే కొనేవాడి మొహం మారిపోతుంది. అరిగిన సిలిండర్లను బోరింగు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, బేరింగులు మార్చి బిగించిన ఇంజను కుదిరితే ఏళ్ళ తరబడి నడుస్తుంది. కుదరకపోతే కొద్ది రోజుల్లోనే ఆయిలు తాగి నీలిపొగ కక్కుతుంది. తేడా అంతా బిగించిన చేతిలో ఉంది. ఆ చెయ్యి కొనేవాడికి కనిపించదు.

నేను చూసింది డీజిల్ అంబాసిడర్. 2014లో ఉత్తరపారా కర్మాగారంలో వాటి తయారీ ఆగిపోయింది. మన చెన్నైలో ఇక పాత సామాన్లకు ఎగ్మూరు పక్కనున్న పుదుపేటే గతి. అక్కడ ఒక బండి చచ్చి పది బండ్లకు ప్రాణం పోస్తుంది. ఆర్.సి. పుస్తకంలో ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ కలిస్తే చాలని తృప్తిపడేవాళ్ళున్నారు. నంబరు చూస్తే ఏ ఇంజనో తెలుస్తుంది గాని, ఎలా బిగించారో తెలియదు.

అమ్మేది పెరంబూరులో ఉంటున్న మన తెలుగు పెద్దాయనే. నేను అడగకముందే, "ఇంజను దింపించానండీ. బిల్లులివిగో, తీసేసిన రింగులు కూడా ఉంచాను" అన్నారు. చెప్పకపోయినా చట్టం ఆయన్ని పెద్దగా ఏమీ అనదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, చెప్పి తీరవలసిన బాధ్యత లేనిచోట ఊరకే మౌనంగా ఉండడం మోసం కిందికి రాదు.

వెంట వచ్చిన స్నేహితుడు నా చెవిలో, "దొరికింది పట్టు. ఇరవై వేలు తగ్గించమను" అన్నాడు.

1970లో జార్జ్ ఏకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశాడు. 2001లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయనొకడు. కొనేవాడికి మంచి బండికీ చెడ్డ బండికీ తేడా తెలియదు కనుక అన్నిటికీ సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మడు. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. బాగానే ఉంది. కాని చెప్పినవాడికి ధర కోసి, నోరు మూసుకున్నవాడికి పూర్తి ధర ఇచ్చేది ఎవరు? మనమే గదా! ఆ మౌనాన్ని పెంచి పోషించేదీ మనమే, తరవాత దానికి బలయ్యేదీ మనమే.

అలాగని నిజం చెప్పినందుకు ఎక్కువ ఇవ్వనక్కరలేదు. చేతకాని మెకానిక్కు చేతిలో పడితే సత్యసంధుడి బండి కూడా నీలిపొగే కక్కుతుంది. ఆయన నాకు అబద్ధం చెప్పకపోవచ్చు, ఆయనకు మరొకడు చెప్పి ఉండవచ్చు. అందుకే పొద్దున్నే వెళ్ళి, చల్లారి ఉన్న ఇంజనును స్టార్టు చేయించి చూశాను. మెకానిక్కుచేత కంప్రెషన్ చూపించాను. లోపం తేలితే లోపానికి తగ్గించమని అడగొచ్చు. ఆయన చెప్పిన మాటకు మాత్రం కాదు. రెండూ రూపాయల్లో ఒకటే కావచ్చు, నా స్నేహితుడి వాదన అదే.

నాలుగు సిలిండర్లూ ఒకే తీరుగా చూపించాయి. అరిగిన టైర్ల ఖరీదు తగ్గించుకుని మిగతాది ఇచ్చాను. రేపు నేను అమ్మేటప్పుడు, ఎదుటివాడు అడగకముందే చెబుతానా అన్నది తేలలేదు. ఆ పాత రింగుల పొట్లం మాత్రం డిక్కీలోనే ఉంచాను.