జెబెదాయి కుమారుల తల్లి అడిగిన సీటు



పరీక్షల కాలం వచ్చిందంటే దివ్యపూజ ముగిసిన తరువాత తల్లులు బిడ్డల హాల్ టికెట్లు తెచ్చి, బలిపీఠం మీద పెట్టి ఆశీర్వదించమని అడుగుతారు. అందులో తప్పేమీ లేదు. సువిశేషంలో కూడా ఒక తల్లి ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని ప్రభువు వద్దకు వచ్చి, మోకరిల్లి, సీట్లే అడిగింది. ఆమె జెబెదాయి భార్య. ప్రభువు రాజ్యంలో ఒకడు కుడిప్రక్కన, ఒకడు ఎడమప్రక్కన కూర్చోవాలన్నది ఆమె మనవి (మత్తయి 20:20-23).

ఇదే సంగతిని మార్కు వ్రాసినచోట (10:35) తల్లి కనిపించదు. కుమారులే అడుగుతారు. మరి ఆ కోరిక అసలు ఎవరిది? తల్లిదా, కొడుకులదా? పండితులు ఏమి చెప్పినా, ఇంటర్ చదివే బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న ఉంది. "మేమేమీ బలవంతం చేయలేదు ఫాదర్‌గారూ, మావాడే ఐ.ఐ.టి. అన్నాడు" అంటారు. ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ క్లాసుల్లో వేసి, చుట్టాలందరి ముందూ "మా ఇంజనీరు" అని పిలిచినవాడు మరేమంటాడు!

ప్రభువు ఆ తల్లిని కసురుకోలేదు. నీకేమి కావాలని అడిగారు, విన్నారు. కాని జవాబు మాత్రం కుమారులకే చెప్పారు. తాను త్రాగబోయే పాత్రను త్రాగగలరా అని వారినే అడిగారు. మనమేమో బిడ్డను అడగవలసిన ప్రశ్నలను కాలేజీ పి.ఆర్.ఓ.ను అడుగుతున్నాము.

లెక్కలు కూడా చూడండి. 2024లో జె.ఇ.ఇ. మెయిన్ వ్రాసినవారు సుమారు 14 లక్షలు. అడ్వాన్స్‌డ్ వ్రాసినవారు సుమారు 1,80,000. ఉత్తీర్ణులైనవారు 48,248. ఇరవై మూడు ఐ.ఐ.టి.లలో కలిపి ఉన్న సీట్లు 17,740. అంటే ఉత్తీర్ణులైన వారిలోనే 30 వేల మందికి పైగా ఐ.ఐ.టి.లో చోటు లేదు. అదే ఏడాది నీట్ వ్రాసినవారు 23 లక్షలకు పైగా ఉంటే, ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కాస్త పైన. కుర్చీలు చాలకపోతే పదిహేడేళ్ల బిడ్డను ఇంట్లో దోషిగా నిలబెట్టడం ఏమి న్యాయం? సెమినరీలో తత్వశాస్త్రం మొదటి ఏడాదే సాధనం వేరు, గమ్యం వేరు అని నేర్పుతారు. సీటు సాధనమే.

ఆ తల్లి కథ అక్కడితో ఆగలేదు. కల్వరి కొండపై ప్రభువు కుడిఎడమల స్థానాలు ఇద్దరు దొంగలకు దక్కాయి. దూరంగా నిలిచి చూస్తున్న స్త్రీలలో జెబెదాయి కుమారుల తల్లి ఉన్నదని మత్తయి ప్రత్యేకంగా వ్రాశాడు (27:56). అడిగింది దొరకలేదని ఆమె వెళ్లిపోలేదు.

మనకు అటువంటి ఘడియ ఫలితాలు వచ్చిన సాయంత్రం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాలలో తప్పులు దొర్లినట్లు కూడా తరువాత తేలింది. కాబట్టి ఆ సాయంత్రం తండ్రి నోటివెంట వచ్చే మొదటి మాట చిన్న విషయం కాదు. "ఎన్ని లక్షలు పోశామో తెలుసా" అన్న మాట ఆ రోజు వద్దు. ప్రక్కింటి పిల్ల ర్యాంకు ఊసు అసలే వద్దు. ముందు అన్నం పెట్టండి. చుట్టాల ఫోన్లు మీరే తీసి, "రాలేదు, పిల్ల బాగానే ఉంది" అని చెప్పి పెట్టేయండి.

లాంగ్ టర్మ్‌కు పంపాలా, ఈఏపీసెట్‌తో వచ్చిన కాలేజీలో చేర్చాలా, డిగ్రీయా అన్నది అదే రాత్రి తేల్చనవసరం లేదు. కౌన్సెలింగ్ తేదీలు చూసుకొని, నాలుగు రోజులు ఆగి, బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టుకొని అడగండి. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే వ్రాయవచ్చు. నీట్‌కు అటువంటి హద్దు లేదు. అందుకే మూడో ఏడు, నాలుగో ఏడు అంటూ సాగిపోతుంది. ఇక చాలు అనే ధైర్యం కొన్నిసార్లు తల్లిదండ్రులకే ఉండాలి. ఉన్న అరెకరం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనబోయేముందు ఇంటి అప్పుసప్పుల లెక్క బిడ్డకు నిజంగా చెప్పండి. అయితే దానిని జీవితాంతం దెప్పే ఆయుధంగా దాచుకోకండి.

బిడ్డ తిండి మానేసినా, నిద్రపోకపోయినా, బ్రతికి ఏమి లాభం అన్నా, నాటకమని కొట్టిపారేయకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416కు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ విచారణ గురువుల ఇంటి తలుపు కూడా తట్టండి. రాత్రి పదకొండయినా ఫరవాలేదు.