ఏలీ కూర్చున్న పీఠం



సమూవేలు మొదటి గ్రంథము నాలుగవ అధ్యాయంలో ఏలీ యాజకుని మరణం గురించి మనమంతా చదివాం. యుద్ధరంగం నుండి వార్తాహరుడు పరుగెత్తుకొచ్చాడు. సైన్యం ఓడిపోయింది, ఇద్దరు కొడుకులూ చనిపోయారు. అంతవరకు ఏలీ ఓర్చుకున్నాడు. దేవుని మందసం శత్రువుల చేజిక్కిందని విన్న క్షణంలోనే గుమ్మం పక్కనున్న పీఠం మీదనుండి వెనక్కు పడి, మెడ విరిగి ప్రాణం విడిచాడు. ఎందుకంత గట్టిగా పడ్డాడో గ్రంథకర్త దాచలేదు. అతడు వృద్ధుడు, పైగా స్థూలకాయుడు. ఇంకొంచెం వెనక్కి, రెండవ అధ్యాయానికి వెళితే ఆ ఒళ్ళు ఎలా వచ్చిందో కూడా తెలుస్తుంది. ప్రజలు దేవునికి తెచ్చే కానుకల్లో శ్రేష్ఠమైన భాగాలతో మీరు కొవ్వెక్కుతున్నారని దైవజనుడొకడు ఏలీని అతని ముఖం మీదనే నిలదీశాడు.

ఈ వాక్యభాగం చదివినప్పుడల్లా గురువునైన నాకే ముందు గుచ్చుకుంటుంది. మన విచారణల్లో గురువుకు పెట్టే భోజనం సంగతి మీకు తెలియనిది కాదు. గృహప్రవేశానికి కోడికూర, పేరుపెట్టే పండుగకు వేటమాంసం. వద్దంటే ఆ ఇంటి తల్లి ముఖం చిన్నబోతుంది. నలభై దాటేసరికి నా అంగీ బిగుతయింది. దర్జీది తప్పనుకున్నాను.

బొబ్బిలి ప్రాంతంలో మన తాతలకు ఈ బెడద లేదు. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి నడిచేవారు. మధ్యాహ్నం గంటి అన్నమో చోడి సంకటో తినేవారు. వరి అన్నం పండుగనాటి మాట. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఎన్నో పేద కుటుంబాల ఆకలి దాంతో తీరింది, దాన్ని తప్పుపట్టను. కానీ అన్నం పెరిగిన ఇళ్ళల్లోనే నడక తగ్గింది. రైల్వేస్టేషను నుండి కోటదాకా కూడా ఇప్పుడు మోటారుసైకిలే. మిల్లులో నిలబడి చెమటోడ్చినవాడు ఆటో సీటులో పన్నెండు గంటలు కూర్చుంటున్నాడు. పని మారినా కంచంలో అన్నం కుప్ప మాత్రం పాత కొలతలోనే ఉంది.

ఇంటి మగవాడికి బొజ్జ వస్తే "ఒళ్ళు చేశాడు, సంపాదన బాగున్నట్టుంది" అని మనవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మెప్పే ప్రమాదం. మన దేశస్థుల శరీరతత్వం వేరు. పూణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఇద్దరి శరీరాలనే పోల్చి 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఇద్దరికీ ఒకటే, 22.3. చూడడానికి ఇద్దరూ సన్నమే. కానీ ఇంగ్లండు ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతమైతే మన పూణే ఆయనకు 21.2 శాతం ఉంది! అందుకే మన వైద్యులు తెల్లవారి కొలతలు మనకు పనికిరావంటున్నారు. అయిదడుగుల ఆరంగుళాల మగవాడు సుమారు 64 కిలోలు దాటితే జాగ్రత్తపడాలి, 70కి చేరితే ఊబకాయం కిందే లెక్క. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు మించకూడదు. టేపు బొడ్డు దగ్గర పెట్టాలి సుమా. "నా ప్యాంటు ఇంకా ముప్పై నాలుగే ఫాదర్" అనే అన్నలు చాలామంది ఉన్నారు. బెల్టు బొజ్జ కిందికి జారిపోయిన సంగతి వాళ్ళు చూసుకోరు.

లావుగా ఉండడమే పాపమని నేను అనడం లేదు. పునీత ఇరవై మూడవ జాన్ పాపుగారు భారీకాయులే. కొందరికి థైరాయిడ్, కొందరికి మందుల ప్రభావం, కొందరికి వంశంలోనే ఉంటుంది. వీళ్ళను వెక్కిరించడమే పాపం. తిండిబోతుతనం వేరే సంగతి. పునీత మొదటి గ్రెగోరి పాపుగారు దాన్ని అయిదు రకాలుగా విడదీశారు. వేళకు ముందే తినడం, ఖరీదైనవే కోరడం, అతిగా తినడం, ఆత్రంగా తినడం, వంటకు వంకలు పెట్టి నాజూకుగా చేయించుకోవడం. బక్కపలచని మనిషి కూడా ఈ అయిదింటిలో ఏదో ఒకదానికి దొరుకుతాడు. కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేసేవారు ఆ చివరిదాన్ని మరోసారి చదువుకోవాలి.

ఒక విచారణలో జపమాల కూడిక అయ్యాక ఒక చెల్లెమ్మ నన్ను ఆపింది. "ఏటి ఫాదర్, మీరైనా మా ఆయనకి సెప్పండి. రాత్రి క్వార్టరు, దానిమీద పకోడీ, ఆపైన అన్నం. షుగరుందని డాక్టరు గారు సెప్పినా నవ్వుతారు" అంది. ఆయన వయసు నలభై ఆరు, ఇద్దరూ ఆడపిల్లలే. నిజానికి క్వార్టరు మద్యంలోనే నాలుగు వందల కేలరీలకు పైగా ఉంటాయి. పకోడీ, అన్నం దానికి అదనం. చెబుతానన్నాను. తిరునాళ్ళు, సమావేశాలు అంటూ మూడు నెలలు వాయిదా వేశాను. ఆయన పక్షవాతంతో పడిపోయాక ఆసుపత్రిలో కలిశాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఏలీ పడినప్పుడు అతనొక్కడే పడలేదు. నిండు గర్భిణి అయిన కోడలు ఆ వార్తలు వినగానే ప్రసవించి, ఆ రోజే చనిపోయింది. పుట్టిన పసివాడికి తండ్రి లేడు, తల్లి లేదు, తాత లేడు. నీ శరీరం నీ సొంతం కాదు, పవిత్రాత్మకు ఆలయం అని పునీత పౌలు కొరింతీయులకు బోధించాడు. పెళ్ళయినవాడి శరీరం మీద ఇంకా ఎంతమంది ఆనుకుని ఉన్నారో ఆసుపత్రి వరండాలో కూర్చుంటే తెలుస్తుంది.

శ్రీసభ ఉపవాస చట్టం పద్దెనిమిదేళ్ళు నిండినప్పటి నుండి యాభై తొమ్మిదేళ్ళు నిండేదాకా వర్తిస్తుంది. అంటే నడివయసు మగవాళ్ళు పూర్తిగా దాని కిందే ఉన్నారు. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్క పూట కడుపునిండా భోజనం, మిగిలిన రెండు పూటలా కలిపినా ఒక భోజనానికి సరిపోనంత కొద్దిగా. మనం చేసేది మరొకటి. పగలంతా మాడి, రాత్రికి రెండు పూటలది కలిపి లాగిస్తాం. శుక్రవారం మాంసం మాని రొయ్యల వేపుడు చేయించుకుంటాం. చట్టం నిలిచింది, తపస్సు పోయింది. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకండి. రోగులను శ్రీసభ నిర్బంధించదు.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవారిని చూశారు గదా. పనసదుంగ బరువుగా, మొద్దుగా ఉంటుంది. లోపల తొలిచి, తొలిచి, చెక్క తగినంత పలచబడ్డాకే అది పలుకుతుంది. తొలిచే ఓపిక ఒక్కరోజులో రాదు. బరువు తగ్గించుకోవడమూ అంతే. నెలకు ఒకటి రెండు కిలోలు చాలు. డెబ్బై అయిదు కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా షుగరు, బి.పి. అదుపులోకి రావడానికి ఎంతో మేలు. అన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు ఒక గరిటె పెంచండి. రోజూ అరగంట చురుకుగా నడవండి, జపమాల చేతిలో ఉంటే ఆ నడకలోనే అయిదు దేవరహస్యాలూ పూర్తవుతాయి. చోడి అంబలి మళ్ళీ మొదలుపెట్టండి, అయితే నాలుగు ఇడ్లీల మీద అదనంగా కాదు. ముప్పై దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు ఉచితంగా చూస్తారు. సిగ్గుపడకుండా వెళ్ళండి.

ఇళ్ళకు నన్ను పిలిచే తల్లులకు ఒక మనవి. ఈసారి ఒక గ్లాసు మజ్జిగ, రెండు జామకాయలు పెట్టండి. మీ ఆయనకూ అవే పెట్టండి, నాతోపాటు కూర్చుని తింటారు.